అంచున పరిగెత్తినవాడు

సర్ డగ్లస్ రాల్ఫ్ నికోల్స్ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు, చర్చి పాస్టర్, ఆదివాసుల హక్కుల నాయకుడు, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర గవర్నర్. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో నైట్ బిరుదు అందుకున్న మొదటి మనిషీ ఆయనే, గవర్నర్ పీఠం ఎక్కిన మొదటి మనిషీ ఆయనే. ఈ జీవితంలో ఆటకు సంబంధించిన భాగాన్ని చాలామంది ముందుమాటలా చదివి పక్కన పెట్టేస్తారు. నిజానికి తర్వాత జరిగినదానికంతా పునాది అక్కడే పడింది. ఆదివాసీ నోరు విప్పితే చెవి ఒగ్గడం అలవాటు లేని రోజుల్లో, ఆయన సభకు వచ్చిన తెల్లవాళ్లలో చాలామంది ఒకప్పుడు శనివారం మధ్యాహ్నం మైదానం గట్టున నిలబడి ఆయన పరుగుకు చప్పట్లు కొట్టినవాళ్లే. ఆ చప్పట్లను ఆయన తన జనం కోసం జీవితమంతా వాడుకున్నారు.

నది ఒడ్డున బడి

నికోల్స్ 1906 డిసెంబర్ 9న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, ముర్రే నది ఒడ్డునున్న కమ్మెరగుంజలో పుట్టారు. నదికి ఇవతల న్యూ సౌత్ వేల్స్, అవతల విక్టోరియా. రెండు రాష్ట్రాలూ లేనప్పటి నుంచీ ఆ రెండు ఒడ్లూ యోర్టా యోర్టా జాతివే. 1880లలో అక్కడ ఆదివాసుల కోసం ప్రభుత్వం కొంత భూమి కేటాయించింది. దగ్గర్లోని మలోగా మిషన్ నుంచి కుటుంబాలు తరలివచ్చి అడవి కొట్టి, గోధుమ పండించి, ఇళ్లు కట్టుకున్నాయి. కొన్ని కుటుంబాలకు సొంతంగా సాగు చేసుకోవడానికి భూమి చెక్కలు కూడా ఇచ్చారు. నికోల్స్ పుట్టిన కొద్ది కాలానికే ఆ చెక్కలను వెనక్కి లాక్కోవడం మొదలైంది. 1909 చట్టంతో ఆదివాసుల సంరక్షణ బోర్డు చేతికి పూర్తి పెత్తనం వచ్చింది. వాడలోకి ఎవరు రావాలో, వాడ విడిచి ఎవరు పోవాలో, ఎవరికి ఎంత పిండి, ఎంత చక్కెర కొలవాలో అన్నీ బోర్డు పెట్టిన మేనేజరే తేల్చేవాడు.

ఆ వాడలోని బడి గురించి తప్పక చెప్పుకోవాలి. అక్కడి పంతులు థామస్ షాడ్రక్ జేమ్స్ మారిషస్‌లోని పోర్ట్ లూయీలో భారతీయ కుటుంబంలో పుట్టి, ఆస్ట్రేలియాకు వలస వచ్చినవాడు. మలోగాలో పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, ఆదివాసీ స్త్రీని పెళ్లాడి, వాళ్లలో ఒకడై దశాబ్దాల పాటు ఆ బడిలోనే ఉండిపోయాడు. ఆదివాసీ పిల్లలకు కాస్త అక్షరాలు, కూడికలు చాలు, తర్వాత పొలం పనికో ఇంటి పనికో పోతారని బోర్డు లెక్క వేసుకుంటే, ఆయన అర్జీ రాయడం, సభలో నిలబడి మాట్లాడటం, బైబిల్ చదివి అందులో న్యాయాన్ని వెతుక్కోవడం నేర్పాడు. 20వ శతాబ్దపు ఆస్ట్రేలియా ఆదివాసీ ఉద్యమ నాయకుల్లో పలువురు ఆ ఒక్క బడి నుంచే వచ్చారు. విలియం కూపర్, మార్గరెట్ టక్కర్, బిల్ ఓనస్, డగ్ నికోల్స్ అందరూ ఆ బడి నీడన ఎదిగినవాళ్లే. ఒక రాష్ట్రపు మారుమూల ఇంతమందిని తయారుచేసిన ఆ పంతులు పేరు ఇప్పటికీ భారతదేశంలో పెద్దగా ఎవరికీ తెలియకపోవడం అన్యాయం.

డగ్‌కు ఎనిమిదేళ్లప్పుడు పోలీసులు వాడకు వచ్చారు. 16 ఏళ్ల అక్క హిల్డాను అతడి కళ్లముందే బలవంతంగా తీసుకుపోయి, ఆదివాసీ ఆడపిల్లలకు ఇంటి పని నేర్పే కూటమండ్రా శిక్షణ గృహంలో చేర్చారు. తల్లిదండ్రుల అనుమతి అక్కర్లేకుండా, కోర్టు గడప తొక్కకుండా పిల్లల్ని తీసుకుపోయే అధికారం బోర్డుకు ఆ కాలపు చట్టాలే ఇచ్చాయి. ‘అపహృత తరాలు’ అని ఈ రోజు ఆస్ట్రేలియా చరిత్ర పుస్తకాలు చెప్పేది ఇలాంటి పిల్లల గురించే. ఆ రోజు చూసింది నికోల్స్ ఎప్పటికీ మరచిపోలేదు. దశాబ్దాల తర్వాత నగరానికి వచ్చిన ఆదివాసీ ఆడపిల్లలకు భార్యతో కలిసి వసతి గృహం నడిపిన ఆయన జీవితంలో ఈ ఘట్టం ఎంత లోతున ఉందో ఊహించడం కష్టం కాదు.

పదమూడేళ్లకే పనిలో దిగాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో తారు కుర్రాడి ఉద్యోగం. కత్తెర తగిలి గొర్రె ఒంటి మీద గాటు పడితే, కేక వినగానే తారు డబ్బాతో పరిగెత్తి ఆ గాయానికి పూయాలి. రోజంతా అదే ఉరుకు. ఒకసారి ఉన్ని కత్తిరించే ఒకడు కయ్యానికి దిగితే, వారం కూలి పందెం కట్టి ఆరు రౌండ్లు తలపడి ఓటమి ఒప్పించాడని ఆయన జీవిత కథల్లో చెబుతారు. ఆ కాలంలో కమ్మెరగుంజ కుర్రాళ్ల పరుగుకు చుట్టుపక్కల గొప్ప పేరుండేది. విలియం కూపర్ కొడుకు లించ్ కూపర్ 1928లో దేశంలోకెల్లా పేరున్న స్టావెల్ గిఫ్ట్ పరుగు పందెం గెలిచాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టు తెల్లవాళ్ల జట్లను వాళ్ల మైదానాల్లోనే ఓడించి వచ్చేది.

ముట్టుకోని చేతులు

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ తెలుగు పాఠకులకు టీవీలో అప్పుడప్పుడూ కనిపించి పోయే ఆట. క్రికెట్ ఆడే విశాలమైన కోడిగుడ్డు ఆకారపు మైదానాల్లోనే చలికాలంలో దీన్ని ఆడతారు. ఒక్కో జట్టుకు 18 మంది. బంతి కూడా కోలగానే ఉంటుంది. దాన్ని కాలితో తన్నవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు, ఒక చేతి మీద ఉంచి రెండో చేతి పిడికిలితో గుద్ది తోటివాడికి అందించవచ్చు, విసరకూడదు. రెండు చివర్లలో నాలుగేసి నిలువు స్తంభాలు ఉంటాయి. మధ్యనున్న రెండు స్తంభాల నడుమ నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. తన్నిన బంతిని నేల తాకకముందే ఒడిసి పట్టుకున్నవాడికి అడ్డులేకుండా తన్నే అవకాశం దక్కుతుంది. అందుకే పొడగరులు ఒకరి భుజాల మీదికి ఒకరు ఎగిరి బంతి అందుకునే దృశ్యాలకు ఈ ఆట పెట్టింది పేరు.

అలాంటి ఆటలో ఐదడుగుల రెండంగుళాల మనిషికి చోటెక్కడ? మైదానం అంచు వెంట, మధ్య గీతకు రెండు పక్కలా ఉండే వింగ్‌లో. అక్కడ ఎత్తు కంటే ఊపిరి ముఖ్యం. బంతి కిందపడగానే దొరకబుచ్చుకుని, మీదికొచ్చేవాళ్ల చేతుల కింద నుంచి జారిపోయి, సరిహద్దు గీత వెంట ముందుకు మోసుకుపోవాలి. గొర్రెల షెడ్లో తారు డబ్బాతో పరిగెత్తిన కాళ్లకు ఆ చోటు సరిగ్గా కుదిరింది.

విక్టోరియా వైపు గౌల్‌బర్న్ లోయలోని టాంగాలా జట్టుకు ఆడుతూ పేరు తెచ్చుకున్న నికోల్స్, 1927లో మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్ క్లబ్‌లో అవకాశం కోసం వచ్చారు. విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో అది పెద్ద క్లబ్. ఆటలో ఆయనకు లోపం ఏమీ లేదు. కానీ ఆయన ఒంటి నుంచి వాసన వస్తోందని తోటి ఆటగాళ్లు అన్నారు. ఆటకు ముందు అందరి కాళ్లకూ నూనెతో మర్దన చేసే ట్రైనర్ ఆయన కాళ్లు ముట్టుకోనన్నాడు. అంటరానితనం అంటే ఏమిటో తెలిసిన సమాజానికి ఈ సంగతిని విడమరచి చెప్పక్కర్లేదు. నికోల్స్ ఆ క్లబ్ వదిలేశారు.

ఊరికి మాత్రం తిరిగి వెళ్లలేదు. లీగ్ కంటే పాతదైన విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో ఆడే నార్త్‌కోట్ జట్టు ఆయన్ను తీసుకుంది. అక్కడ ఐదేళ్లు ఆడారు. 1929లో నార్త్‌కోట్ గెలిచిన ఛాంపియన్‌షిప్‌లో ఆయన వింగ్ పరుగు పెద్ద బలం. కార్ల్‌టన్‌లో ముక్కు మూసుకున్న నగరమే, కొన్ని మైళ్ల దూరంలో ఆ కుర్రవాడిని చూడటానికి టికెట్ కొని వచ్చింది. ఆటకు డబ్బు చలికాలంలోనే. మిగతా కాలం గడవడానికి ఆయన పరుగు పందేలకు వెళ్లారు. న్యా, వారక్‌నబీల్ పట్టణాల గిఫ్ట్ పందేలు గెలిచారు. ఆర్థిక మాంద్యం ముదిరిన 1931లో జిమ్మీ షార్మన్ బాక్సింగ్ డేరాలో చేరారు. ఆ డేరా ఊరూరి వ్యవసాయ ప్రదర్శనలకు తిరిగేది. బయట అరుగు మీద డోలు మోగిస్తూ బాక్సర్లను వరసగా నిలబెట్టి, వీళ్లలో ఎవరితోనైనా తలపడే మొనగాడు ఉన్నాడా అని జనాన్ని రెచ్చగొట్టేవాళ్లు. అందులో నిలబడ్డవాళ్లలో చాలామంది ఆదివాసీ యువకులే. ఆ కాలంలో నల్లవాడి ఒంటికి తెల్లవాడి చేతి డబ్బు దొరికే చోట్లు అవే: ఉన్ని షెడ్డు, పందెపు బాట, బాక్సింగ్ డేరా, ఫుట్‌బాల్ మైదానం.

ఫిట్జ్‌రాయ్ రోజులు

1932లో నికోల్స్ మళ్లీ పెద్ద లీగ్‌లోకి వచ్చారు. ఈసారి ఫిట్జ్‌రాయ్ క్లబ్‌కు. 1904లో జో జాన్సన్ అనే ఆదివాసీ ఆటగాడు లీగ్‌లో అడుగుపెట్టింది ఆ జట్టుతోనే. అయినా మొదటి రోజుల్లో డ్రెస్సింగ్ రూమ్‌లో నికోల్స్ ఒక మూలన విడిగానే కూర్చున్నారు. కార్ల్‌టన్‌లో తగిలిన దెబ్బ అప్పటికింకా పచ్చిగానే ఉంది. అప్పుడు హేడెన్ బంటన్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. బంటన్ ఆ జట్టుకు తార. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం 1931లో, 1932లో, మళ్లీ 1935లో గెలిచినవాడు. అలాంటివాడు పక్కన కూర్చున్నాక ఎడం పాటించే ధైర్యం మిగతావాళ్లకు లేకపోయింది. పై మెట్టు మీదున్నవాడు ఒక్క కుర్చీ జరిగి కూర్చుంటే ఎంత మారుతుందో ఆస్ట్రేలియా క్రీడా చరిత్రలో ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ జట్టులో నికోల్స్ ఆడిన వింగ్ స్థానంలోనే విల్‌ఫ్రెడ్ స్మాల్‌హార్న్ కూడా ఆడేవాడు. 1933 బ్రౌన్లో పతకం అతడిదే. అంటే నికోల్స్ ఆడింది దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్ల సరసన, వాళ్లకు సమఉజ్జీగా. అంతమంది మెరికలున్నా ఫిట్జ్‌రాయ్ ఆ దశాబ్దంలో ఛాంపియన్‌షిప్ గెలవలేదు, 1936లో పట్టికలో అట్టడుగున నిలిచింది. నికోల్స్ వ్యక్తిగత ఆట మాత్రం ఎదుగుతూనే పోయింది. 1935లో ఆయన విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యారు. ఆ జట్టు జెర్సీ తొడుక్కున్న మొదటి ఆదివాసీ ఆయనే. 1937 వరకు ఫిట్జ్‌రాయ్‌కు 54 మ్యాచ్‌లు ఆడి నార్త్‌కోట్‌కు తిరిగి వెళ్లారు. మోకాలి గాయాలు ఇక సాగనివ్వక 1939లో బూట్లు విప్పేశారు. 1947లో అదే నార్త్‌కోట్‌కు కోచ్‌గా పనిచేశారు.

54 మ్యాచ్‌లు పెద్ద సంఖ్య కాదు. రికార్డు పుస్తకాల్లో ఆయన కంటే పైన వందల మంది ఉంటారు. కానీ ప్రత్యర్థి ఆటగాళ్ల నుంచీ గట్టు మీద జనం నుంచీ రంగును ఎత్తిచూపే మాటలు వస్తూనే ఉన్న రోజుల్లో, కోపాన్ని కాళ్లలోకి దింపుకుని ఆడిన ఆట అది. దాన్ని మ్యాచ్‌ల లెక్కతో కొలవడం కుదరదు.

కూపర్ వారసుడు

ఆ రోజుల్లోనే మెల్‌బోర్న్ శివారు ఫుట్‌స్క్రేలో ఒక డెబ్భై ఏళ్ల పెద్దాయన చిన్న అద్దె ఇంట్లో కూర్చుని ఉత్తరాలు రాస్తున్నాడు. విలియం కూపర్ యోర్టా యోర్టా పెద్ద, నికోల్స్‌కు తాత వరస. జీవితమంతా ఉన్ని షెడ్లలోనూ పొలాల్లోనూ కష్టపడి, ముసలితనంలో నగరానికి వచ్చి ఆస్ట్రేలియన్ అబారిజినీస్ లీగ్ అనే సంస్థను నిలబెట్టాడు. దేశం నలుమూలల నుంచీ 1,814 మంది ఆదివాసుల సంతకాలు సేకరించి బ్రిటన్ రాజుకు అర్జీ తయారుచేశాడు. తమ జాతి అంతరించిపోకుండా కాపాడాలనీ, పార్లమెంటులో తమకొక ప్రతినిధి కావాలనీ అందులో అడిగాడు. 1937లో అది కాన్‌బెరా ప్రభుత్వం చేతికి చేరింది. రాజుకు పంపనవసరం లేదని మంత్రివర్గం తీర్మానించింది. ఇదే కూపర్ 1938 డిసెంబర్‌లో, జర్మనీలో యూదుల మీద జరుగుతున్న హింసను ఖండిస్తూ మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేట్‌కు ఆదివాసుల బృందాన్ని నడిపించాడు. సొంత దేశంలో హక్కుల్లేనివాళ్లు సముద్రాల అవతలివాళ్ల కోసం గొంతెత్తిన ఆ ఘటన ఎంత తలుచుకున్నా తక్కువే.

నికోల్స్‌ను ఉద్యమంలోకి లాగింది ఈ పెద్దాయనే. కూపర్‌కు మాట ఉంది, న్యాయం ఉంది, వినే జనం లేరు. నికోల్స్‌ను పేరు పెట్టి పిలిచే జనం నగరమంతా ఉన్నారు. 1938 జనవరి 26న, మొదటి బ్రిటిష్ నౌకాదళం సిడ్నీ రేవుకు చేరి 150 ఏళ్లయిందని దేశం పండగ చేసుకుంటుంటే, సిడ్నీలోని ఆస్ట్రేలియన్ హాలులో సుమారు వంద మంది ఆదివాసులు ‘శోక దినం’ పాటించారు. వాళ్లను వెనక తలుపు నుంచి లోపలికి రమ్మన్నారు. జాక్ పాటెన్, విలియం ఫెర్గూసన్, కూపర్ తదితరులతో పాటు నికోల్స్ కూడా ఆ సభలో మాట్లాడారు. పూర్తి పౌరసత్వం కావాలన్నది సభ తీర్మానం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, మేనేజర్ పెత్తనాన్నీ అర్ధాకలినీ భరించలేక కమ్మెరగుంజ నుంచి సుమారు 200 మంది మూటాముల్లె సర్దుకుని ముర్రే నది దాటి విక్టోరియా గట్టుకు వెళ్లిపోయారు. ఆస్ట్రేలియాలో ఆదివాసులు ఒక్క మాటగా వాడ ఖాళీ చేసి నిరసన తెలిపిన తొలి ఉదంతం అది. వాళ్లలో నికోల్స్ బంధువులే ఎక్కువ. ఎందరో మళ్లీ తిరిగి పోలేదు. బార్మా, షెపర్టన్, మూరూప్నా ప్రాంతాల్లో నది పల్లపు నేలల మీద గుడిసెలు వేసుకున్నారు, కొందరు మెల్‌బోర్న్‌కు చేరారు. 1941లో కూపర్ కన్నుమూశాక ఆ పని భారం నికోల్స్ భుజాల మీద పడింది.

గోర్ స్ట్రీట్ పాస్టర్

తల్లి మరణం తర్వాత నికోల్స్ మనసు చిన్ననాటి మిషన్ భక్తి వైపు తిరిగింది. నార్త్‌కోట్‌లోని చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌లో బాప్టిజం తీసుకుని బోధకుడయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరితే, 1942లో ఫిట్జ్‌రాయ్ పోలీసులే ఆయన్ను వెనక్కి పంపమని అడిగారు. అప్పటికి ఫిట్జ్‌రాయ్ ఇరుకు సందుల్లో ఆదివాసుల సంఖ్య పెరిగింది. యుద్ధ ఫ్యాక్టరీల్లో పని కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇల్లు దొరకదు, తాగుడు, తగాదాలు, జైలు. వాళ్లతో మాట్లాడగల మనిషి నికోల్స్ ఒక్కరే అని పోలీసులకు తెలుసు. ఫిట్జ్‌రాయ్ గోర్ స్ట్రీట్‌లోని చిన్న చర్చి ఆయన కార్యస్థానమైంది. అక్కడ ప్రార్థన ఎంత జరిగేదో, ఉద్యోగం వెతకడం, కోర్టులో జామీను ఇవ్వడం, ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టడం కూడా అంతే జరిగేది. అప్పటి నుంచి జనానికి ఆయన ‘పాస్టర్ డగ్’. 1965లో మేవిస్ థార్ప్ క్లార్క్ రాసిన ఆయన జీవిత చరిత్రకు పెట్టిన పేరూ అదే.

ఈ పనిలో సగం గ్లాడిస్ నికోల్స్‌ది. ఆమె కూడా కమ్మెరగుంజలోనే 1906లో పుట్టారు. తల్లి ఆదివాసీ, తండ్రి బక్స్ భారతదేశం నుంచి వలస వచ్చిన వ్యాపారి. నికోల్స్ అన్నను పెళ్లాడిన ఆమె, ఆ భర్త 1942లో కారు ప్రమాదంలో చనిపోవడంతో ముగ్గురు పిల్లలతో మిగిలారు. అదే ఏడాది చివర్లో డగ్ ఆమెను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు మరో ఇద్దరు పిల్లలు. నగరానికి పనికో చదువుకో వచ్చే ఆదివాసీ అమ్మాయిలకు నార్త్‌కోట్‌లో వసతి గృహం ఏర్పాటు చేయడంలో, పాత బట్టల దుకాణాలు నడిపి దానికి డబ్బు కూడబెట్టడంలో గ్లాడిస్‌దే ముఖ్య పాత్ర. 1951లో విక్టోరియా ప్రభుత్వ ఉత్సవాల్లో ఆదివాసులకు చోటు లేకుండా పోతే, బిల్ ఓనస్‌తో కలిసి నికోల్స్ పట్టుబట్టి మెల్‌బోర్న్ ప్రిన్సెస్ థియేటర్‌లో ఆదివాసీ కళాకారులతోనే ఒక ప్రదర్శన పెట్టించారు. ఆ ప్రదర్శన నడిచిన రోజులన్నీ హాలు నిండిపోయింది.

ఒక సినిమా, ఒక ఉద్యమం

పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోని వార్‌బర్టన్ శ్రేణుల్లో ఆదివాసులు తిండీ నీళ్లూ లేక బతుకుతున్నారని ఆ రాష్ట్ర శాసన సభ్యుడు బిల్ గ్రేడెన్ నాయకత్వంలోని కమిటీ 1956లో నివేదిక ఇచ్చింది. ఆ ఎడారి మీదుగా బ్రిటన్ అణ్వస్త్ర, రాకెట్ పరీక్షలు జరుగుతున్న కాలం అది. నివేదికలో ఉన్నదంతా అతిశయోక్తి అని కొన్ని పత్రికలు కొట్టిపారేశాయి. 1957 మొదట్లో గ్రేడెన్‌తో కలిసి నికోల్స్ అక్కడికి వెళ్లారు. వెంట ఒక ఫిల్మ్ కెమెరా తీసుకెళ్లారు. డొక్కలు ఎండిన పిల్లలు, పుండ్లతో పడి ఉన్న ముసలివాళ్లు, అన్నీ అందులోకి ఎక్కాయి. ఆ చిన్న చిత్రాన్ని మెల్‌బోర్న్ సభాహాళ్లలో వేసి చూపిస్తూ నికోల్స్ పక్కన నిలబడి మాట్లాడేవారు. వింగ్ మీద ఆయన పరుగు చూసిన కళ్లే ఇప్పుడు ఈ తెర చూశాయి. మూడు దశాబ్దాల క్రితం మైదానంలో సంపాదించుకున్న నమ్మకం ఇంతగా పనికొచ్చిన సందర్భం ఆయన జీవితంలో ఇంకొకటి లేదు.

ఆ ఆగ్రహంలోంచే అదే ఏడాది విక్టోరియాలో అబారిజినీస్ అడ్వాన్స్‌మెంట్ లీగ్ పుట్టింది. పార్లమెంట్ సభ్యుడు గార్డన్ బ్రయంట్, స్టాన్ డేవీ, డోరిస్ బ్లాక్‌బర్న్ దాని స్థాపకుల్లో ఉన్నారు. నికోల్స్ పూర్తికాలపు ఫీల్డ్ ఆఫీసర్. రాష్ట్రమంతా తిరిగి రోటరీ క్లబ్బులు, చర్చిలు, బడులు, ఫుట్‌బాల్ క్లబ్బుల విందులు వేటినీ వదలకుండా మాట్లాడారు. పియానో మీద తెల్ల మెట్లతో ఒక రాగం, నల్ల మెట్లతో ఒక రాగం పలికించవచ్చు గానీ సంగీతం పూర్తిగా పలకాలంటే రెండూ కలవాలన్నది ఆయన సభల్లో తరచూ చెప్పిన పోలిక. వినడానికి మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనాన్ని చూసి ఆయన్ను సర్దుకుపోయే మనిషిగా లెక్కగట్టినవాళ్లు పొరబడ్డారని లేక్ టయర్స్ విషయంలో తేలింది.

విక్టోరియా తూర్పున సముద్రం పక్కనున్న లేక్ టయర్స్ ఆదివాసీ రిజర్వును మూసేసి, అక్కడివాళ్లను తెల్ల పట్టణాల్లోకి చెదరగొట్టాలని ప్రభుత్వం ఆలోచించింది. నికోల్స్ అప్పుడు స్వయంగా ప్రభుత్వపు ఆదివాసుల సంక్షేమ బోర్డులో సభ్యుడు. 1963లో ఆ పదవికి రాజీనామా చేశారు. అదే ఏడాది లేక్ టయర్స్ నివాసుల్ని వెంటబెట్టుకుని మెల్‌బోర్న్ వీధుల గుండా రాష్ట్ర పార్లమెంటుకు ఊరేగింపు నడిపారు. భూమి ఆ జనానిదే, దాన్ని వాళ్లే నడుపుకుంటారన్నది డిమాండు. 1965లో ప్రభుత్వం దాన్ని శాశ్వత రిజర్వుగా ప్రకటించింది. 1970 ఆదివాసీ భూముల చట్టం కింద, 1971లో లేక్ టయర్స్, ఫ్రామ్లింగమ్ భూముల హక్కు పత్రాలు అక్కడి నివాసుల ట్రస్టుల చేతికి వచ్చాయి. ఉత్తర ఆస్ట్రేలియా గురించి అందరూ చెప్పుకునే భూహక్కుల చట్టం కంటే ఇది అయిదేళ్లు ముందు.

జాతీయ స్థాయిలో 1958లో అడిలైడ్‌లో ఏర్పడిన ఆదివాసీ హక్కుల సంఘాల సమాఖ్యలోనూ ఆయన మొదటి నుంచీ ఉన్నారు. రాజ్యాంగంలో ఆదివాసులను వేరుచేసే రెండు నిబంధనలు ఉండేవి. ఒకటి వాళ్ల కోసం చట్టాలు చేసే అధికారం కేంద్రానికి లేకుండా చేసింది, రెండోది జనాభా లెక్కలో వాళ్లను వదిలేయమంది. వీటిని మార్చాలని పదేళ్లు సాగిన ప్రచారం 1967 మే 27 రిఫరెండంతో ఫలించింది. ఓటర్లలో 90.77 శాతం మంది అవునన్నారు. ఆస్ట్రేలియా చరిత్రలో ఏ రిఫరెండానికీ అంత మెజారిటీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన యువతరానికి పాస్టర్ డగ్ నిదానం నచ్చలేదు. నల్ల అధికారం నినాదంతో 1969లో అడ్వాన్స్‌మెంట్ లీగ్ పగ్గాలు పూర్తిగా ఆదివాసుల చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టారు. వాళ్ల తొందరలో న్యాయం ఉంది. ఆయనా వాళ్లూ ఒక్కోసారి ఎదురుపడి వాదించుకున్నారు. కానీ వాళ్లు నిలబడి వాదించిన సంస్థ ఆయన కట్టిందే.

గవర్నర్ బంగళాలో

నికోల్స్‌కు 1957లో ఎంబీఈ, 1968లో ఓబీఈ పురస్కారాలు వచ్చాయి. 1972లో నైట్ బిరుదుతో ‘సర్’ అయ్యారు. తన తాతల భూమిని ఆక్రమించిన రాజ్యమే ఇచ్చే బిరుదును తీసుకోవచ్చా అని కొందరు అడిగారు. నికోల్స్ దాన్ని తన జనానికి తెరుచుకునే మరో తలుపుగానే చూశారు.

1976లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రీమియర్ డాన్ డన్‌స్టన్ సిఫారసుతో నికోల్స్ ఆ రాష్ట్ర గవర్నర్ అయ్యారు. జాతి వివక్షను నేరంగా చేస్తూ 1966లోనే చట్టం తెచ్చిన రాష్ట్రం అది. అయినా ఈ నియామకానికి ఎదురు లేకపోలేదు. అంతకుముందు గవర్నర్‌గా ఉన్న మార్క్ ఆలిఫెంట్, అణుభౌతిక శాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడు, తెల్లవాడి పద్ధతులకు పూర్తిగా అలవాటుపడటం ఆదివాసీ స్వభావానికే కష్టమన్న ధోరణిలో డన్‌స్టన్‌కు రహస్యంగా ఉత్తరం రాశాడు. కార్ల్‌టన్ ట్రైనర్‌కూ ఈ మహామేధావికీ మధ్య చదువులో ఎంత దూరం ఉన్నా ఈ విషయంలో దూరం లేకపోయింది. డన్‌స్టన్ వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 1న నికోల్స్ ప్రమాణం చేశారు.

పదవి ఎంతో కాలం సాగలేదు. 1977 జనవరిలో, అంటే రెండు నెలలైనా నిండకుండానే, పక్షవాతం వచ్చింది. ఆ మార్చిలో ఎలిజబెత్ రాణి ఆస్ట్రేలియా పర్యటనకు వచ్చారు, ఆ ఏడాదే ఆయనకు కేసీవీఓ అనే రాజ గౌరవం దక్కింది. ఆరోగ్యం కుదుటపడక ఏప్రిల్ 30న పదవి నుంచి తప్పుకున్నారు. గ్లాడిస్ 1981లో మరణించారు. నికోల్స్ 1988 జూన్ 4న మూరూప్నాలో కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపి కమ్మెరగుంజ శ్మశానంలో సమాధి చేశారు. 1983 నాటి భూహక్కుల చట్టం కింద ఆ నేల అప్పటికి యోర్టా యోర్టా జనం చేతికి తిరిగి వచ్చేసింది.

పేరు నిలిచిన చోట్లు

కాన్‌బెరాలో ఒక శివారు ప్రాంతానికి నికోల్స్ పేరు ఉంది. మెల్‌బోర్న్ థార్న్‌బరీలో ఆయన పేరుతో మైదానం ఉంది. విక్టోరియా పార్లమెంటు పక్కన తోటలో 2007లో డగ్, గ్లాడిస్ దంపతుల విగ్రహాలు పెట్టారు. కమ్మెరగుంజకు ఎదురుగా నదికి అవతల ఉన్న పార్లమెంటు నియోజకవర్గం 2019 ఎన్నికల నుంచి నికోల్స్ అనే పేరుతోనే నడుస్తోంది. ఆ పేరు ఇద్దరిదీ. పార్లమెంటులో మాకొక సభ్యుణ్ని ఇవ్వమని కూపర్ అర్జీ పెట్టిన 82 ఏళ్లకు, కూపర్ మనవడి పేరు పార్లమెంటులో ఒక స్థానానికి వచ్చింది.

ఆయన ఆడిన లీగ్ ఇప్పుడు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్. అక్కడ మార్పు ఇంకా నెమ్మదిగా వచ్చింది. 1993లో సెయింట్ కిల్డా ఆటగాడు నిక్కీ విన్మార్, దూషిస్తున్న ప్రేక్షకుల ముందు జెర్సీ పైకెత్తి తన ఒంటి రంగును వేలితో చూపించాడు. 1995లో మైఖేల్ లాంగ్ నోరు విప్పాకే జాతి దూషణను శిక్షించే నిబంధన లీగ్‌లో వచ్చింది. సిడ్నీ ఆటగాడు ఆడమ్ గుడ్స్ రెండుసార్లు బ్రౌన్లో పతకం గెలిచి, 2014లో ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’ అయినా, మైదానం మైదానానా వెంటాడిన గేలి భరించి 2015లో ఆట వదిలాడు. మరుసటి ఏడాది, 2016లో, లీగ్ తన ఆదివాసీ రౌండ్‌కు సర్ డగ్ నికోల్స్ పేరు పెట్టింది. అప్పటి నుంచి ఏటా ఆ రౌండ్‌లో అన్ని జట్లూ ఆదివాసీ చిత్రకారులు గీసిన జెర్సీలు తొడుక్కుని ఆడతాయి. మెల్‌బోర్న్ క్లబ్ ఆ రౌండ్‌కు నగరపు ఆదివాసీ పేరైన నార్మ్‌తో బరిలోకి దిగుతుంది. కార్ల్‌టన్ కూడా ఆ రౌండ్‌లో ఆదివాసీ జెర్సీతోనే ఆడుతుంది.